గుడ్లగూబ కోసం వచ్చి, చర్చిని చూడకుండా వెళ్లిపోతున్నారు

ఫ్రాన్స్‌లో దిజాన్ ఊరికి వెళ్లొచ్చినవాళ్లు పెట్టే ఫొటోల్లో ఒకటి దాదాపు ఖాయంగా ఉంటుంది. సన్నటి సందు, సందులో నోత్రదామ్ అనే ఒక పాత చర్చి గోడ, ఆ గోడ మూల మీద చెయ్యెత్తితే అందే ఎత్తులో అరిగి అరిగి ముక్కూ మొహం చెరిగిపోయిన చిన్న రాతి గుడ్లగూబ, దాని మీద ఎవరిదో ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యే ఎందుకంటే గుండె అటువైపు ఉంటుంది కాబట్టి, అని అక్కడివాళ్ల మాట. తాకి మనసులో ఏదో ఒకటి కోరుకోవాలి. పక్కనే ఒక చిన్న డ్రాగన్ బొమ్మ కూడా ఉంది, దాని ముందు నుంచి వెళ్తే కోరికను అది మింగేస్తుందట, అందుకని ఎటు నుంచి ఎటు నడవాలో కూడా లెక్క ఉంది. మన దగ్గర గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దిజాన్‌లో మాత్రం అదే ఊరికి గుర్తు. టూరిస్టులు నడవాల్సిన దారి పొడవునా నేల మీద గుడ్లగూబ బొమ్మలున్న ఇత్తడి బిళ్లలు బిగించారు.

ఇదంతా సరదాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, చాలామంది ఆ సందులో ఫొటో దిగి అటు నుంచి అటే ఊరికి పేరు తెచ్చిన ఆవముద్ద (మస్టర్డ్) అమ్మే షాపుకి వెళ్లిపోతారు. చెయ్యి పెట్టిన గోడ ఎవరిది, లోపల ఏముంది అన్నది పట్టదు. నిజానికి ఆ గుడ్లగూబ అసలు చర్చి కట్టినప్పటిది కూడా కాదు. చర్చి 13వ శతాబ్దం మొదటి సగంలో లేచింది. గుడ్లగూబ ఉన్నది 15వ శతాబ్దం చివర్లోనో 16వ శతాబ్దం మొదట్లోనో పక్కన చేర్చిన ఒక చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం) గోడ ఊతం మీద. అంటే చర్చికీ దానికీ మధ్య రెండొందల ఏళ్లకు పైగా తేడా.

అసలు చూడాల్సింది ఆ గోడకి అవతల ఉన్న సంగతి. దిజాన్ నోత్రదామ్ కథీడ్రల్ కాదు, ఒక పేటకు చెందిన పారిష్ చర్చి. తెలుగు కతోలికులు పారిష్‌ని ‘విచారణ’ అంటారు కదా, అచ్చం అదే: చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్లు బాప్తిస్మానికి, పెళ్లికి, చావుకి వచ్చే చర్చి. బిషప్ పీఠం ఇక్కడ లేదు. అసలు 1731 దాకా దిజాన్ ఊరికి బిషపే లేడు, ఊరంతా లాంగ్ర్ అనే వేరే ఊరి బిషప్ మేత్రాసనం కింద ఉండేది. ఇప్పుడు కథీడ్రల్ అయిన సాన్ బెనీన్య్ అప్పట్లో సన్యాసుల మఠం చర్చి. ఈ ప్రాంతాన్ని ఏలిన బుర్గుందీ డ్యూకులకు వాళ్ల కోటలోనే సొంత చాపెల్ ఉండేది (దాన్ని 1802లో కూల్చేశారు). మఠం సన్యాసులది, చాపెల్ డ్యూకులది. మిగిలిన జనానికి, అంటే బజారులో కొట్లు పెట్టుకునేవాళ్లకి, చేతిపనులవాళ్లకి, డబ్బు తిప్పేవాళ్లకి మిగిలింది ఇది. ఇక్కడ అంతకుముందు ఉన్న చిన్న గుడి పేరే ‘అంగడి మరియమ్మ’. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఈ కట్టడంలో వింతగా కనిపించేవన్నీ వరుసగా అర్థమవుతాయి.

మొదటి వింత స్థలం. 12వ శతాబ్దం చివర్లో డ్యూక్ మూడవ హ్యూ ఊరికి స్వపరిపాలన హక్కులిస్తూ పత్రం రాసిచ్చాడు, ఊరు పెరిగింది, ఈ పేట కిక్కిరిసిపోయింది. చర్చి కట్టాల్సింది ఇళ్ల మధ్యలో. విశాలంగా రెక్కలు చాపుకునే కథీడ్రల్ ప్లాన్ ఇక్కడ కుదరదు. పారిస్ నోత్రదామ్ వెనక వైపు గోడల బయట సాలీడు కాళ్లలా చాపిన రాతి ఊతాలు చూసే ఉంటారు, వాటికి బోలెడు జాగా కావాలి. పెద్ద కథీడ్రళ్లలో బలిపీఠం వెనక నుంచి జనం చుట్టి వచ్చే నడవా ఉంటుంది, మన గుళ్లలో ప్రదక్షిణ మార్గం లాంటిది. ఇక్కడ అదీ లేదు, బలిపీఠం వెనక కోణాల గోడతో సరిపెట్టేశారు. బరువంతా ఎలాగోలా లోపలి స్తంభాల మీదకి దించుకోవాలి. మేస్త్రీ ఎవరో, అతని పేరు చరిత్రకెక్కలేదు, ఆ ఇరుకులోనే తన తెలివంతా చూపించాడు.

గోథిక్ అనగానే తెలుగువాళ్లకి మెదక్ చర్చి గుర్తొస్తుంది. కోసుగా లేచే కమాన్లు, రంగుటద్దాలు, ఆకాశంలోకి ఒక బురుజు. మెదక్ 1924లో పూర్తయింది, అంటే దిజాన్ కన్నా దాదాపు ఏడొందల ఏళ్లు చిన్నది, పాత పద్ధతిని చూసి మళ్లీ కట్టుకున్నది. ఆ లెక్కన దిజాన్‌లో కూడా ముందువైపు బురుజులు వెతుక్కుంటే నిరాశే. రూ ముజెత్ అనే ఇరుకు వీధిలోంచి నడిచి వస్తుంటే ఎదురుగా కనిపించేది నిటారుగా, బల్లపరుపుగా, తెర దించినట్టున్న ఒక రాతి గోడ. కింద మూడు పెద్ద కమాన్ల పోర్టికో, అంటే గుమ్మాల ముందు వసారా. పైన రెండు వరసల్లో సన్నసన్నటి స్తంభాల కమాన్లు. ఆ వరసల పైనా కిందా బారులు తీరిన వింతజీవులు: నోళ్లు తెరిచిన కుక్కలు, కోతులు, కొమ్ములున్న మొహాలు, మెడలు చాపి వీధిలోకి తొంగిచూస్తుంటాయి. మొత్తం 51. వీటిని గార్గోయిళ్లు అంటారు గానీ ఇవి ఉత్తుత్తివి. గార్గోయిల్ అంటే వాననీళ్లు నోట్లోంచి గోడకి దూరంగా పడేలా పెట్టే తూము. వీటి గొంతులోంచి చుక్క నీరు కూడా రాదు, అలంకారానికి పెట్టినవి.

వీటి వెనక ఒక కథ ఉంది. ఎతియెన్ ద బుర్బోన్ అనే 13వ శతాబ్దపు దొమినికన్ సన్యాసి రాసిపెట్టాడు. 1240 ప్రాంతంలో దిజాన్‌లో ఒక వడ్డీ వ్యాపారి పెళ్లి చేసుకోవడానికి ఈ చర్చికి వచ్చాడు. ఆ రోజుల్లో పెళ్లి తంతు చర్చి గుమ్మం దగ్గరే జరిగేది, అందుకే ఈ పోర్టికోలకి అంత విలువ. గుమ్మం పైన అంత్యతీర్పు శిల్పాల్లో ఒక వడ్డీ వ్యాపారిని దెయ్యం నరకానికి లాక్కుపోతున్నట్టు చెక్కి ఉంది. సరిగ్గా పెళ్లికొడుకు కింద నిలబడ్డప్పుడు ఆ రాతి వ్యాపారి ఊడి, చేతిలో డబ్బు సంచితో సహా, నిజం వ్యాపారి మీద పడ్డాడు. అంతే, పెళ్లికొడుకు అక్కడికక్కడే పోయాడు. అప్పుడు ఊళ్లో మిగతా వడ్డీ వ్యాపారులు ఏం చేశారు? బుద్ధి తెచ్చుకోలేదు. డబ్బు కూడబెట్టి, చర్చి ముందుగోడ మీది బొమ్మల్ని తీసేయించారు!

ఇది జరిగిందా అంటే, ప్రసంగాల్లో పాపులకి భయం పెట్టడానికి వాడుకునే కథలు కూర్చిన సన్యాసి మాట కాబట్టి కొంచెం ఉప్పూ కారం చల్లే ఉంటాడు. కానీ కథలో ఒక నిజం మాత్రం పట్టుకోవచ్చు. ఇది బజారు చర్చి. ఇక్కడికొచ్చే జనంలో వడ్డీకి ఇచ్చేవాడూ ఉన్నాడు, వడ్డీ కట్టలేక నలిగేవాడూ ఉన్నాడు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి చెబుతుంది, అదే ఊళ్లో ఆ డబ్బు లేకపోతే కొట్టు తెరుచుకోదు. డబ్బున్నవాళ్లు తమకి నచ్చని బొమ్మని తీయించగలరు అన్నది కథ చెప్పినవాడికీ విన్నవాడికీ వింతగా అనిపించలేదు, అది చాలు.

ఆ తర్వాత ఆరొందల ఏళ్లకు పైగా ముందుగోడ బోసిగానే ఉంది. ఇప్పుడు కనిపించే 51 బొమ్మలూ 1880-82లో చెక్కి పెట్టినవి. 1865 నుంచి 1884 దాకా ఆర్కిటెక్ట్ లేనే ఆధ్వర్యంలో జరిగిన పెద్ద మరమ్మతులో భాగం అవి. కాబట్టి పోస్టుకార్డుల మీద ‘మధ్యయుగపు గార్గోయిళ్లు’ అని చూసి మురిసిపోతే, అవి ఐఫెల్ టవర్‌కి అన్నల్లాంటివని తెలుసుకుంటే మంచిది. దానికి సరిగ్గా ఎదురు సంగతి కింద గుమ్మాల దగ్గరుంది. 1794 జనవరిలో ఫ్రెంచి విప్లవం ఊపులో సుత్తులు పట్టుకుని మూడు గుమ్మాల పైని శిల్పాలనూ చెక్కేశారు. పైన బొమ్మల్ని తిరిగి పెట్టినవాళ్లు వీటిని మాత్రం అలాగే వదిలేశారు. పోర్టికో కింద నిలబడి తలెత్తితే మనుషులు ఉండాల్సిన చోట గాట్లు పడ్డ ఖాళీ రాయి కనిపిస్తుంది. అందరూ దాటిపోతారు గానీ, ముందుగోడ మొత్తంలో అసలైన 13వ శతాబ్దం, అసలైన 18వ శతాబ్దం ఒకేచోట కనిపించేది అక్కడే.

ఇక లోపలికి. వెళ్లగానే అబ్బో అనిపించేంత పెద్దదేమీ కాదు, పారిస్, ఆమియాన్ కథీడ్రళ్లు చూసి వచ్చిన కళ్లకి చిన్నగానే ఉంటుంది. ఒక నిమిషం ఆగి స్తంభాలు చూడాలి. ఇంత బరువు మోసేవి ఇంత సన్నగా ఉండటమేమిటి అన్న అనుమానం రావాలి, వస్తే సరైన దారిలో ఉన్నట్టే.

దీని రహస్యం రాయిని నిలబెట్టిన పద్ధతిలో ఉంది. సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది, తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పలకలుగా ఊడిరావడం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గోడ కట్టేటప్పుడు రాయి గనిలో ఎలా పడుకుని ఉందో అలాగే పడుకోబెట్టాలన్నది మేస్త్రీల పాత నియమం, అప్పుడే పొరలు విడిపోకుండా బరువు మోస్తుంది. అలా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలో ప్రతి వరసకీ మధ్య సున్నం ఉంటుంది. సున్నం ఆరుతూ బరువుకి నలుగుతూ ఉంటే గోడ మొత్తం కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా కుంగుతుంది. ఇక్కడి మేస్త్రీ ఆ నియమాన్ని కావాలనే కొన్నిచోట్ల తప్పాడు. పొడవాటి రాయిని ఒకే ముక్కగా కోసి, పడుకోబెట్టకుండా పెన్సిల్‌లా నిలువుగా నిలబెట్టాడు. అలా నిలబెట్టిన రాతిలో అతుకులు లేవు, సున్నం లేదు, కాబట్టి కుంగడం కూడా లేదు. చుట్టూ గోడ కాస్త దిగినా ఈ రాతి కడ్డీలు దిగవు, గట్టి గుంజల్లా నిలబడి పైనుంచి వచ్చే బరువుని అందుకుంటాయి. వీటినే ఫ్రెంచివాళ్లు ‘పొరకి అడ్డంగా పెట్టినవి’ అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

ఈ పద్ధతి ఒక్క దిజాన్‌దే కాదు, అప్పటి గోథిక్ మేస్త్రీలు చాలామందికి తెలుసు. ఇక్కడ దాన్ని ఎంత దూరం లాగారన్నదే విశేషం. గోడ అంటే దిమ్మలాంటిది కాదు, మధ్యలో సన్నటి నడవ వదిలి రెండు పలచటి పొరలుగా కట్టి, వాటి మధ్య ఈ కడ్డీలతో పట్టు ఇచ్చారు. లోపలి నుంచి చూస్తే కిటికీల ముందు సన్నటి స్తంభాలు గోడకి అంటకుండా విడిగా నిలబడి ఉంటాయి, వాటి వెనక మనిషి నడిచేంత దారి. ముందుగోడ మీద కమాన్ల వరసలు చూశాం కదా, అదీ ఇదే ఆలోచన, ఊరికే అందానికి కాదు. పైకప్పు ఆరు భాగాల కమాన్లుగా విడిపోయి ఉంటుంది, మధ్యలో, శిలువ ఆకారంలో ఉన్న చర్చి నాలుగు చేతులూ కలిసే చోట, వెలుగు దిగేలా ఒక బురుజు.

19వ శతాబ్దంలో మధ్యయుగపు కట్టడాలని బాగుచేసిన వియొలె ల ద్యుక్ ఈ చర్చి గురించి తన నిఘంటువులో పొగుడుతూ రాశాడు. అంతకంటే ఆశ్చర్యం, గోథిక్ అంటే అనాగరికం అని ముక్కు చిట్లించే కాలంలో కూడా దీనికి అభిమానులున్నారు. పారిస్‌లో పాంథియాన్ అనే పెద్ద గుమ్మటపు భవనం కట్టిన ఆర్కిటెక్ట్ సూఫ్లో దీన్ని పరిశీలించినవాడే. కోటలు కట్టడంలో ఆరితేరిన వోబాన్ దీన్ని చూసి, ఇంత సున్నితమైన వస్తువుకి దాచిపెట్టుకోవడానికి పెట్టె ఒక్కటే తక్కువ అన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఫిరంగి గుండ్లని ఆపే గోడల మందం లెక్కలేసే మనిషి ఇంత పలచటి గోడల్ని చూసి మెచ్చుకున్నాడంటే ఆ మాటకి తూకం ఉంది.

రంగుటద్దాల సంగతి త్వరగా ముగించవచ్చు. ఉత్తరం వైపు చేతిలో ఉన్న ఐదు పొడవాటి కిటికీలు 13వ శతాబ్దానివి, ముందు వాటి దగ్గరికే వెళ్లాలి. మిగతావాటిలో చాలాభాగం 19వ శతాబ్దంలో ఎదువార్ దిద్రోన్ చేసినవి. పాత అద్దంలో నీలం, ఎరుపు మందంగా, కొంచెం మరకలు మరకలుగా ఉంటాయి, కొత్తవి మరీ శుభ్రంగా ఉంటాయి. ఎండ ఉన్న రోజు రెండూ పక్కపక్కన చూస్తే ఎవరూ చెప్పకుండానే తేడా పట్టేయొచ్చు.

కుడివైపు చాపెల్‌లో కొవ్వొత్తుల మధ్య ఒక చెక్క మరియమాత కూర్చుని ఉంటుంది. పేరు ‘మంచి ఆశల మాత’. నల్ల మేరీ అని ప్రసిద్ధి, ఫ్రాన్స్‌లో ఉన్న చాలా పాత చెక్క విగ్రహాల్లో ఒకటి, 11 లేదా 12వ శతాబ్దానిది. ఒళ్లో ఉండాల్సిన బాలయేసు ఇప్పుడు లేడు. టూరిస్టులు గుడ్లగూబ దగ్గర కోరికలు కోరుకుంటారు, ఊరివాళ్లు ఇక్కడ కోరుకుంటారు, తేడా అంతే.

ఈమె మీద నమ్మకానికి మూలం 1513. ఆ సెప్టెంబరులో స్విస్ సైన్యం దిజాన్‌ని ముట్టడించింది. గోడలు ఎక్కువ రోజులు ఆగేలా లేవు. జనం విగ్రహాన్ని ఎత్తుకుని ఊరేగించారు, 13వ తేదీన స్విస్ సైన్యం డేరాలు ఎత్తేసి వెళ్లిపోయింది. మాత మహిమ అని ఊరు నమ్మింది. అదే సమయంలో రాజు తరఫున ఊరిని కాస్తున్న లా త్రేముయ్ స్విస్ నాయకులతో కూర్చుని 4 లక్షల ఎక్యూలు (అప్పటి నాణేలు) ఇస్తామని ఒప్పందం రాసుకున్నాడు, రాజు పన్నెండవ లూయీ తర్వాత ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. అంటే శత్రువు వెళ్లిపోయింది నిలబెట్టుకోని మాట మీద! ఆ సంఘటన మీద నేసిన పెద్ద తివాచీ పక్కనే డ్యూకుల కోటలో ఉన్న మ్యూజియంలో ఉంది: ముట్టడి, ఊరేగింపు, శత్రువు వెనుదిరగడం, మూడూ పక్కపక్కనే. 1944 సెప్టెంబరు 11న జర్మన్ సైన్యం ఊరు వదిలి పోయినప్పుడు కూడా ఊరు ఆ ఘనత ఈమెకే కట్టబెట్టింది. రెండు విడుదలలనీ కలిపి దొమ్ రొబేర్ అనే సన్యాసి గీసిన తివాచీని గోబెలిన్ నేతశాలలో 1950 నాటికి నేశారు, అది చర్చిలోనే ఉంది.

బయటికి వచ్చి తలెత్తితే ముందుగోడకి కుడి చేతి మూల చిన్న బురుజు మీద గడియారం, గంట కొట్టే లోహపు మనుషులు. ఈ గడియారం దోచుకొచ్చిన సొత్తు. 1382 నవంబరులో రోజ్‌బెక యుద్ధంలో ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) పట్టణాల తిరుగుబాటు అణిచాక ఫ్రెంచ్ సైన్యం కోర్త్రైక్ ఊరిని కొల్లగొట్టింది. బుర్గుందీ డ్యూక్ ఫిలిప్‌కి అక్కడి గడియారం నచ్చింది, విప్పించి బండ్ల మీద దిజాన్‌కి తెప్పించాడు. తన కోటలో పెట్టుకోకుండా ఊరివాళ్ల చర్చి మీద పెట్టించాడు చూడండి, నలుగురికీ కనపడేది, వినపడేది ఇక్కడే కాబట్టి. అప్పటిదాకా ప్రార్థన వేళలే చెప్పిన గంటలకి తోడుగా కొట్లు తెరిచే వేళ, మూసే వేళ లెక్కకి అందడం మొదలైంది.

మొదట ఒక్క మగమనిషే ఉండేవాడు, జాక్‌మార్. 1651లో ఆయనకి జాక్‌లీన్ అని భార్యని తెచ్చారు. పాపం ఇన్నేళ్లైనా పిల్లల్లేరే అని ఎమే పిరోన్ అనే స్థానిక కవి ఎగతాళి చేశాక 1714లో కొడుకు పుట్టాడు. కూతురు రావడానికి 1884 దాకా పట్టింది. అమ్మానాన్నలు గంటలు కొడతారు, పిల్లలు పావుగంటలు. మరి గడియారం పోగొట్టుకున్న కోర్త్రైక్? అక్కడి బురుజు మీద కూడా ఇప్పుడు మాంతెన్, కాల అని ఒక జంట గంట కొడుతోంది.

టికెట్ ఎంత అని అడిగేవాళ్ల కోసం: ఏమీ లేదు, ఇది ఎవరి దయా కాదు, చట్టం. 1905లో ఫ్రాన్స్ ప్రభుత్వాన్నీ మతాన్నీ విడదీసినప్పుడు అప్పటికే ఉన్న పారిష్ చర్చిల భవనాలు ఊరి మునిసిపాలిటీల ఆస్తిగా మిగిలాయి, కథీడ్రళ్లు ప్రభుత్వానివయ్యాయి. వాడుకునే హక్కు చర్చి ఫాదర్లది, ప్రార్థన చేసుకునేవాళ్లది. చారిత్రక కట్టడంగా గుర్తించినవాటిని చూడనివ్వాలి, చూసినందుకు రుసుము పెట్టకూడదు అని ఆ చట్టంలోనే రాసి ఉంది. కప్పు కారితే ముందు తలనొప్పి మేయర్ ఆఫీసుకి. అయితే పూజ జరుగుతున్నప్పుడు కెమెరా పట్టుకుని తిరగడం మాత్రం ఎక్కడైనా తప్పే.

వెళ్లేవాళ్లకి: పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో గంటన్నర పైచిలుకు, స్టేషన్ నుంచి నడక దూరం. శుక్రవారం గానీ శనివారం గానీ పొద్దున వెళ్తే పక్కనే ఇనుప కమాన్ల మార్కెట్టు కిటకిటలాడుతుంటుంది, ‘అంగడి మరియమ్మ’ అన్న పాత పేరు అప్పుడు బాగా తలకెక్కుతుంది. రూ ముజెత్ లోంచే రావాలి, ముందుగోడ మొత్తం కంటికి ఆనేది ఆ వీధి నుంచే. పోర్టికో కింద చెక్కేసిన రాళ్లు, లోపల స్తంభాలు, ఉత్తరం కిటికీలు, మరియమాత, అప్పటికి ఎలాగూ ఒకట్రెండు పావుగంటలు మోగి ఉంటాయి, గడియారం.

ఆ తర్వాత పక్క సందులోకి తిరిగితే 1483 నాటి చెక్క చట్రపు ఇల్లు మెజోన్ మియేర్, దానికి ఎదురువైపే చర్చి గోడ, గోడ మీద గుడ్లగూబ. 2001 జనవరిలో ఎవడో సుత్తితో కొట్టి దాన్ని పగలగొట్టాడు. ఊరంతా గోల పెట్టింది. అదృష్టం కొద్దీ అంతకుముందే తీసి పెట్టుకున్న అచ్చు ఉంటే, నెల తిరిగేసరికి రాతిపొడి, రెజిన్ కలిపి మళ్లీ నిలబెట్టారు. కోరిక కోరుకునేవాళ్లు నిరభ్యంతరంగా కోరుకోవచ్చు, ఎడమ చేత్తోనే. పైన నిఘా కెమెరా ఉంటుంది.